గాలి మీదికి నెట్టేసిన ఓటమి: 1588లో స్పానిష్ ఆర్మడాకు అసలేం జరిగింది?

ఐర్లండ్ పడమటి తీరంలో స్లైగో దగ్గర స్ట్రీడా అనే ఇసుక తీరం ఉంది. 2015లో, చలికాలపు తుఫాన్లు వెళ్లిపోయాక, అక్కడ సముద్రం అడుగున ఇసుక కదిలింది. నాలుగు వందల ఏళ్లకు పైగా పూడుకుపోయి ఉన్న కంచు ఫిరంగులు బయటపడ్డాయి. డైవర్లు పైకి తీసిన వాటిలో ఒకదాని మీద 1570 అనే సంవత్సరం, బార్సిలోనా వాళ్లు కొలిచే సెయింట్ మట్రోనా బొమ్మ పోత పోసి ఉన్నాయి. ఆ ఫిరంగి 'లా హులియానా' అనే ఓడది. మధ్యధరా సముద్రంలో సరుకు మోయడానికి కట్టిన వ్యాపార ఓడ. అలాంటి ఓడ అట్లాంటిక్ కెరటాల్లో, ఇంటికి అంత దూరంలో ఎందుకు మునిగింది?

ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకాల్లో దొరికే జవాబు చిన్నది. 1588లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఇంగ్లండ్ మీదికి ఆర్మడా అనే పెద్ద నౌకాదళాన్ని పంపాడు, ఇంగ్లండ్ నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ లాంటి వీరులు దాన్ని ఎదుర్కొన్నారు, తుఫాను మిగతా పని పూర్తి చేసింది. యుద్ధం అయిన వెంటనే డచ్చి వాళ్లు వేయించిన పతకం మీద కూడా 'దేవుడు ఊదాడు, వాళ్లు చెల్లాచెదురయ్యారు' అనే అర్థం వచ్చే లాటిన్ మాటలు చెక్కారు. గెలిచినవాళ్లకు అది దేవుడు తమ పక్షాన ఉన్నాడనడానికి రుజువు. ఓడినవాళ్లకూ ఆ మాట ఇబ్బంది కాలేదు. గాలి చేతిలో ఓడిపోవడంలో ఎవరి తప్పూ ఉండదు కదా.

కానీ ఆ ఏడాది ఉత్తరాలు, సరుకు పద్దులు, సముద్రం అడుగున దొరికిన వస్తువులు పక్కపక్కన పెట్టి చూస్తే కథ వేరుగా కనిపిస్తుంది. ఓడలు రేవు దాటకముందే పథకంలో పెద్ద కన్నం ఉంది. అది చాలామందికి తెలుసు. తెలిసినవాళ్లు రాజుకు రాశారు కూడా.

గొడవ ఎక్కడ మొదలైందో ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. నెదర్లాండ్స్‌లో ఫిలిప్ పాలన మీద ప్రొటెస్టెంట్లు తిరగబడ్డారు. 1585లో ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ వాళ్లకు అండగా సైన్యం పంపింది. అదే ఏడాది బయల్దేరిన డ్రేక్, కరేబియన్‌లోని స్పెయిన్ రేవుల్ని దోచాడు. 1587 ఫిబ్రవరిలో స్కాట్లండ్ మాజీ రాణి, క్యాథలిక్కుల ఆశాదీపం మేరీ తలను ఇంగ్లండ్‌లో తీయించారు. దాంతో ఫిలిప్ ఇక ఆగలేదు. 1580 నుంచి పోర్చుగల్ కిరీటం కూడా అతనిదే. కాబట్టి గోవాతో పాటు పోర్చుగీసు వాళ్ల గట్టి యుద్ధనౌకలూ అతని చేతికొచ్చాయి. ఆర్మడాకు నాయకత్వం వహించిన 'సాన్ మార్టిన్' పోర్చుగీసు ఓడే.

దండయాత్రకు రెండు పథకాలు రాజు ముందుకొచ్చాయి. నౌకాధిపతి సాంతా క్రూజ్, 500కు పైగా ఓడలు, 90,000 పైచిలుకు మందితో స్పెయిన్ నుంచే నేరుగా దిగుదామన్నాడు. అంత డబ్బు ఖజానాలో లేదు. నెదర్లాండ్స్‌లో స్పెయిన్ సేనాని పార్మా డ్యూక్, 30,000 మందిని పడవల్లో గుట్టుగా ఒక్క రాత్రిలో ఇంగ్లిష్ చానెల్ దాటిస్తానన్నాడు. ఫిలిప్ ఈ రెండింటినీ కలిపేశాడు. ఓడలు స్పెయిన్ నుంచి వెళ్లాలి, సైన్యం నెదర్లాండ్స్ దక్షిణ భాగమైన ఫ్లాండర్స్ నుంచి రావాలి, రెండూ సముద్రం మీద కలవాలి. కాగితం మీద చూస్తే ఖర్చు తగ్గింది, బలం మిగిలింది.

ఎక్కడ కలవాలన్నదే తేలలేదు. ఫ్లాండర్స్ తీరంలో స్పెయిన్ చేతిలో పెద్ద ఓడలు ఆగగలిగే లోతైన రేవు ఒక్కటీ లేదు. పార్మా దగ్గరున్నవి బల్లకట్టుల్లాంటి అడుగు చదునైన పడవలు. వాటికి ఫిరంగులు లేవు, కెరటాలకు ఆగే సత్తువా లేదు. అక్కడి డంకర్క్ రేవు బయట లోతు తక్కువ నీళ్లలో డచ్చి వాళ్ల చిన్న యుద్ధ పడవలు కాపు కాస్తున్నాయి. ఆర్మడా పెద్ద ఓడలు అక్కడి దాకా వస్తే ఇసుక మేటల్లో కూరుకుపోతాయి. ఇవతలివాళ్లు అటు పోలేరు, అటువాళ్లు ఇటు రాలేరు. పార్మా ఈ మాట రాజుకు ఒకసారి కాదు, పలుమార్లు రాశాడు. 1588 జూన్‌లో అతను రాసిన ఉత్తరం అంచున ఫిలిప్ తన చేత్తో రాసుకున్న మాట ఉంది. ఇక్కడ ఏ పొరపాటూ జరగకుండా దేవుడే చూడాలి అన్నది దాని సారాంశం.

గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడం అంటే ఇదే. కన్నం ఎక్కడుందో రాజుకు కనిపించింది. దాన్ని పూడ్చమని ఎవరికీ చెప్పకుండా దేవుడికి ఒప్పజెప్పాడు.

ఇక పీపాల సంగతి. నా దృష్టిలో ఈ మొత్తం కథలో చాలామంది పట్టించుకోని ముఖ్యమైన వస్తువు అదే. ఆ రోజుల్లో ఓడ మీద నీళ్లు, ద్రాక్షసారా, ఉప్పు మాంసం, ఎండు రొట్టె, చివరికి మందుగుండు కూడా చెక్క పీపాల్లోనే ఉండేవి. పీపా చెక్క నెలల తరబడి ఆరాలి. ఆరిన చెక్క ముక్కల్ని పట్టీలతో బిగిస్తే చుక్క నీరు కారదు. పచ్చి చెక్కతో చేస్తే అది ఎండుతూ ముడుచుకుపోతుంది, సందులు పడతాయి, నీళ్లు కారిపోతాయి, లోపలి తిండికి బూజు పడుతుంది. 1587 వసంతంలో డ్రేక్ స్పెయిన్‌లోని కాదిజ్ రేవులోకి చొరబడి రెండు డజన్ల దాకా ఓడల్ని తగలబెట్టడం అందరికీ తెలిసిన కథే. ఆ తర్వాత అతను పోర్చుగల్ దక్షిణ తీరంలో మాటు వేసి, ఆర్మడా కోసం తీసుకెళ్తున్న పీపా చెక్కల్ని పట్టుకుని కాల్చేశాడు. వేల టన్నుల సరుకు పట్టే పీపాలకు సరిపడా ఆరిన చెక్క అది. మరుసటి ఏడాది దొరికిన పచ్చి చెక్కతోనే సరిపెట్టుకున్నారు. ఆర్మడా ఇంకా స్పెయిన్ తీరం దాటకముందే తిండి కుళ్లింది, నీళ్లు పాచిపోయాయి, మనుషులు విరేచనాలతో మంచం పట్టారు. ఇంకా ఒక్క ఫిరంగీ పేలలేదు.

1588 ఫిబ్రవరిలో సాంతా క్రూజ్ చనిపోయాడు. అతని స్థానంలో రాజు మెదీనా సిదోనియా డ్యూక్‌ను పెట్టాడు. ఇతను గొప్ప జమీందారు, మంచి నిర్వాహకుడు. సముద్ర యుద్ధం మాత్రం ఎరగడు. తనకు ఓడ ఎక్కితే కడుపులో తిప్పుతుందనీ, ఈ పనికి అనుభవం లేదనీ వెంటనే ఉత్తరం రాశాడు. రెండు రోజులకు ఇంకో ఉత్తరంలో అసలు ఈ దండయాత్ర మీదే అనుమానాలు చెప్పాడు. ఆ రెండో ఉత్తరాన్ని కార్యదర్శులు రాజుకు చూపించనే లేదు. దేవుడి పని ఓడిపోదు, మమ్మల్ని దిగులు పెట్టకండి అని వాళ్లే జవాబిచ్చారు. ఆ తర్వాత ఓటమి నింద అంతా ఈ డ్యూక్ మీదే వేశారు. ఇది అన్యాయం. నిజాన్ని నిజంగా చెప్పిన కొద్దిమందిలో అతనొకడు.

మే నెలాఖరులో సుమారు 130 ఓడలు, దాదాపు 30,000 మందితో ఆర్మడా లిస్బన్ నుంచి కదిలింది. అందులో సైనికులు నావికుల కంటే రెండింతలకు పైనే. తుఫాను తగిలి లా కొరూన్యా రేవులో ఆగాల్సి వచ్చింది. అక్కడి నుంచి డ్యూక్ మళ్లీ రాశాడు: ఓడలు చెదిరాయి, తిండి పాడైంది, శత్రువుతో సంధి చేసుకోవడం మంచిది. ఈ పనిని దేవుడికి అంకితం చేశాను, నువ్వు నీ పని చెయ్యి అన్నాడు రాజు. జులై 21, 22 తేదీల్లో మళ్లీ బయల్దేరారు. (అప్పటికి ఇంగ్లండ్ క్యాలెండర్ పది రోజులు వెనక ఉండేది. అందుకే పుస్తకాల్లో తేదీలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి.)

జులై 31 నుంచి వారం పాటు చానెల్ పొడవునా పోరు నడిచింది. అర్ధచంద్రాకారంలో దగ్గరదగ్గరగా కదిలిన స్పెయిన్ వ్యూహాన్ని ఇంగ్లండ్ ఛేదించలేకపోయింది. ఒక ఓడ మందుగుండు పేలి, మరొకటి ముందరి కొయ్య విరిగి వెనకబడి శత్రువుకు చిక్కాయి. అంతకు మించి పెద్ద నష్టం లేదు. అయితే రెండు పక్షాల యుద్ధ పద్ధతుల్లో తేడా అప్పుడే బయటపడింది. స్పెయిన్ వాళ్ల ఆలోచన పాతది. ఒకసారి ఫిరంగులు పేల్చు, శత్రువు ఓడకు ఆనుకో, కొక్కేలు వేసి లాగు, కత్తులతో పైకి ఎక్కు. ఫిరంగి నింపే పనికి పెట్టిన సైనికులు పేల్చగానే దాన్ని వదిలేసి కత్తులు పట్టుకుని పరుగెత్తాలి. వాళ్ల ఫిరంగి బండ్లు కూడా చాలావరకు నేల మీద యుద్ధానికి వాడే రకం. రెండు పెద్ద చక్రాలు, వెనక పొడవాటి తోక. ఇరుకు డెక్కు మీద దాన్ని వెనక్కి లాగి మళ్లీ నింపడం నరకం. ఇంగ్లండ్ వాళ్ల బండ్లకు నాలుగు చిన్న చక్రాలు. పేలిన దెబ్బకు అవే వెనక్కి దొర్లేవి, నింపి మళ్లీ ముందుకు తోసేవాళ్లు. నౌకాదళ కోశాధికారి జాన్ హాకిన్స్ హయాంలో మార్చిన వాళ్ల ఓడలు ఎత్తు తక్కువ, చురుకు ఎక్కువ. కొక్కెం అందేంత దగ్గరికి అవి రానే రాలేదు.

ఐర్లండ్ తీరంలో దొరికిన శిథిలాలు, బతికి తిరిగొచ్చిన ఓడల పద్దులు ఈ విషయాన్నే రుజువు చేస్తున్నాయి. పెద్ద ఫిరంగుల గుండ్లు పేల్చకుండా రాశులుగా మిగిలిపోయాయి. దేశదేశాల నుంచి పోగేసిన ఫిరంగులు కావడంతో కొలతలూ ఒక్కలా లేవు. ఉన్న గుండు ఫిరంగికి పట్టదు, పట్టేది చేతికి దొరకదు. లక్షా ఇరవై వేలకు పైగా గుండ్లు మోసుకెళ్లిన నౌకాదళం చాలావరకు వాటిని మోయడంతోనే సరిపెట్టింది.

ఆగస్టు 6న ఆర్మడా ఫ్రాన్స్‌లోని కాలే ముందు లంగరు వేసింది. పార్మా పడవలెక్కాల్సిన డంకర్క్ అక్కడికి 40 కిలోమీటర్ల లోపే, కానీ అతను ఇంకా బ్రూజ్ పట్నంలోనే ఉన్నాడు. ఆర్మడా చానెల్లోకి వచ్చిందన్న కబురు అతనికి సరిగ్గా అప్పుడే అందింది. సైన్యాన్ని పడవలెక్కించడానికి ఇంకా దాదాపు వారం పడుతుందని కబురు పంపాడు. ఏళ్ల తరబడి కాగితం మీద ఉన్న కన్నం ఇప్పుడు డ్యూక్ కళ్లముందుంది. ఒక పక్క ఇసుక మేటలు, ఇంకో పక్క ఇంగ్లండ్ ఓడలు, రేవు లేని బహిరంగ సముద్రం. ఆ టెన్షన్‌లో ఒక రాత్రి గడిచింది.

రెండో రాత్రి, 7వ తేదీ అర్ధరాత్రి దాటాక, పోటూ గాలీ రెండూ ఆర్మడా వైపు నెడుతుండగా ఇంగ్లండ్ వాళ్లు ఎనిమిది ఓడలకు నిప్పంటించి వదిలారు. అవి ఒక్క స్పెయిన్ ఓడనూ కాల్చలేదు. కానీ లంగరు పైకి లాగే తీరిక ఎవరికీ లేకపోయింది. గొడ్డళ్లతో మోకులు నరికేసి, చీకట్లో ఎటు పడితే అటు పారిపోయారు. వారం రోజులు చెక్కుచెదరని వ్యూహం ఆ గంటలో పోయింది. మర్నాడు గ్రావెలీన్ దగ్గర ఇంగ్లండ్ ఓడలు మొదటిసారి బాగా దగ్గరికొచ్చి బాదాయి. ఆ మర్నాడు గాలి ఆర్మడాను నెదర్లాండ్స్‌లోని జీలాండ్ ఇసుక మేటల మీదికి తోసింది. నీటి లోతు బార బారకూ తగ్గుతుంటే, చావు ఖాయమని పాపాలు ఒప్పుకోవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు గాలి తిరిగి వాళ్లను ఉత్తరపు సముద్రంలోకి లాక్కెళ్లింది. ఆ రోజు ఆర్మడాను కాపాడింది గాలే. ఈ సంగతి పతకం మీద ఎవరూ చెక్కలేదు.

కాలేలో నరికిన మోకుల అప్పు ఐర్లండ్‌లో తీర్చాల్సి వచ్చింది. అదే గాలికి ఎదురెళ్లి చానెల్లోకి తిరిగి రావడం కుదరక, స్కాట్లండ్ చుట్టూ తిరిగి ఇంటికి పోవాలని డ్యూక్ నిర్ణయించాడు. రేషన్ తగ్గించారు. తాగడానికి నీళ్లు లేక గుర్రాల్నీ కంచర గాడిదల్నీ బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. ఐర్లండ్ తీరానికి దూరంగా ఉండండని ఓడలన్నింటికీ రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. కానీ కారే ఓడలు, జబ్బు మనుషులు, నీళ్ల కోసం తీరం వైపే తిరిగారు. మంచి లంగర్లు కాలే దగ్గర సముద్రం అడుగున ఉన్నాయి. మిగిలినవాటితో తుఫానుకు ఎదురు నిలవడం అసాధ్యమైంది.

'లా హులియానా', మరో రెండు ఓడలు స్ట్రీడా ముందు అలాగే నాలుగు రోజులు నిలబడ్డాయి. ఐదో రోజు పెనుగాలికి మోకులు ఆగలేదు. ఒక్క గంటలో మూడూ ముక్కలయ్యాయి. వెయ్యి మందికి పైగా మునిగిపోయారని, అక్కడ బతికి బయటపడిన కెప్టెన్ ఫ్రాన్సిస్కో ద కువెయార్ మరుసటి ఏడాది ఆంట్వెర్ప్ నుంచి రాసిన ఉత్తరంలో చెప్పాడు. ఒడ్డుకు చేరినవాళ్లలో చాలామందిని ఇంగ్లండ్ అధికారుల ఆదేశాల మీద చంపేశారు. వేరే ఓడల్లోంచి బతికినవాళ్లను ఎక్కించుకున్న 'జిరోనా' అక్టోబర్ చివర్లో ఆంట్రిమ్ తీరపు రాళ్లకు కొట్టుకుంది. సుమారు 1,300 మందిలో పదిమంది కూడా మిగల్లేదు. మొత్తం ఓడల్లో మూడో వంతుకు పైగా స్పెయిన్‌కు తిరిగి రాలేదు. మనుషుల్లో నష్టం ఇంకా ఎక్కువ.

గెలిచిన దేశంలో కళాసీల గతి ఏమైందో కూడా చెప్పాలి. యుద్ధంలో ఇంగ్లండ్ కోల్పోయిన ఓడలు తాము కావాలని తగలబెట్టుకున్న ఆ ఎనిమిదే. కానీ ఆగస్టులోనే ఓడల్లో అంటురోగం ప్రబలింది. జీతాలు అందలేదు. దేశాన్ని కాపాడిన మనుషులు మార్గేట్ వీధుల్లో పడి చస్తుంటే గుండె తరుక్కుపోతోందని నౌకాధిపతి హోవార్డ్ స్వయంగా మంత్రి బర్లీకి రాశాడు.

ఫిలిప్ మళ్లీ ప్రయత్నించాడు. 1596లో, 1597లో ఇంకో రెండు నౌకాదళాలు పంపాడు. రెండూ బయల్దేరింది తుఫాన్ల కాలం అక్టోబర్‌లోనే, రెండింటినీ తుఫాన్లే చెదరగొట్టాయి. ఆ కాలంలో బయల్దేరమని ఒత్తిడి చేసింది మాత్రం రాజే. అతను 1598లో, ఎలిజబెత్ 1603లో చనిపోయారు. 1604లో లండన్‌లో వాళ్ల వారసుల ప్రతినిధులు సంధి మీద సంతకాలు చేశారు.