రెండు నిమిషాలు వెనకబడిన కంప్యూటర్

ఆరంకెల కోడ్‌ను మూడుసార్లు సరిగ్గానే టైప్ చేశాను. మూడుసార్లూ తప్పనే వచ్చింది. పాస్‌వర్డ్‌లో పొరపాటు లేదు, డెస్క్‌టాప్‌లో కోడ్ పుట్టించే యాప్ కూడా ఎప్పటిలాగే నడుస్తోంది. చివరికి ఫోన్‌ను డెస్క్‌టాప్ పక్కన పెట్టి చూస్తే సంగతి బోధపడింది. డెస్క్‌టాప్ గడియారం రెండు నిమిషాలు వెనక ఉంది. ఇలాంటి కోడ్‌లను ఒక రహస్య సంఖ్యనూ అప్పటి సమయాన్నీ కలిపి లెక్కగడతారు. సాధారణంగా 30 సెకన్లకొకసారి మారిపోతాయి. పాపం, యాప్ లెక్క తప్పలేదు. రెండు నిమిషాల కిందటి కోడ్‌ను ఎంతో నిజాయితీగా చూపిస్తోంది.

కంప్యూటర్‌లో కాలాన్ని లెక్కపెట్టేది క్వార్ట్జ్ స్ఫటికం. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీతో నడిచే గడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది, అందుకే దాన్ని ఎంచుకున్నారు. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ ఇంతకంటే చాలా వేగంగా కంపించే మరో స్ఫటికం లెక్క చూస్తుంది. ఏదైనా చవక సరుకే. పది లక్షలకు 20 పాళ్లు అటూ ఇటూ కావడం మామూలు, అంటే రోజుకు దాదాపు 1.7 సెకన్లు. వేడెక్కితే ఒక నడక, చల్లబడితే ఒక నడక. అయినా ఒక స్ఫటికం చేసే తప్పు రోజూ ఇంచుమించు ఒకే తీరున ఉంటుంది. దాన్ని దారికి తేవడం సాధ్యమయ్యేది అందువల్లే.

సరైన సమయం తెలిసిన సర్వర్‌ను అడిగితే సరిపోదా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ‘ఇప్పుడు పది గంటలు’ అన్న జవాబు నెట్‌వర్క్ దాటి మన దగ్గరికి వచ్చేసరికి పది దాటిపోతుంది. ఎంత దాటిందో మనకు తెలియదు. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్ ఈ సమస్యతో దశాబ్దాలు కుస్తీ పట్టారు. ఆయన రూపొందించిన నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, అంటే ఎన్‌టీపీ, 1985లో ప్రమాణ పత్రంగా వెలువడింది. ఆయన 2024లో కన్నుమూశారు. ఎన్‌టీపీ ఇప్పటికీ లెక్కలేనన్ని యంత్రాల్లో చడీచప్పుడు లేకుండా పనిచేస్తూనే ఉంది.

అందులోని కిటుకు నాలుగు సమయాలను రాసుకోవడం. నా గడియారం ప్రకారం 10 గంటల 0 సెకన్లకు ప్రశ్న పంపాననుకుందాం. తన గడియారంలో 2.050 సెకన్లప్పుడు అందిందని సర్వర్ రాసుకుంది, 2.051కి జవాబు పంపింది. ఆ జవాబు నా గడియారంలో 0.101కి చేరింది. జవాబు చేరినప్పుడు సర్వర్ పంపిన సమయం కంటే నా గడియారం వెనకే ఉందన్నమాట! పోయి రావడానికి పట్టింది 101 మిల్లీసెకన్లు, అందులో సర్వర్ దగ్గర గడిచింది ఒకటి, దారిలో గడిచింది 100. పోయేటప్పుడు కనిపించే తేడా 2.050, వచ్చేటప్పుడు 1.950. రెండింటి సగటు 2.000. అంటే నా గడియారం కచ్చితంగా రెండు సెకన్లు వెనకబడింది.

ఈ ‘కచ్చితంగా’ కింద ఒక నమ్మకం దాగి ఉంది. పోవడానికీ రావడానికీ ఒకే సమయం పడుతుందని అనుకున్నాం. నిజానికి పోవడానికి 80, రావడానికి 20 మిల్లీసెకన్లు పట్టి ఉంటే మన లెక్క 30 మిల్లీసెకన్లు తప్పుతుంది. ఈ ఒక్క ప్రశ్నాజవాబును ఎంత తరచి చూసినా ఆ తప్పు బయటపడదు. పొరపాటు మొత్తం ప్రయాణ సమయంలో సగానికి మించదన్నదే మనకున్న భరోసా. అందుకే దగ్గర్లోని సర్వర్ మేలు.

సర్వర్లకూ అంచెలున్నాయి. పరమాణు గడియారం లేదా జీపీఎస్ రిసీవర్ సున్నా అంచె, దానికి నేరుగా తగిలించిన సర్వర్ ఒకటో అంచె, దాన్ని అడిగేది రెండోది. అలా 15 వరకు పోవచ్చు. 16 అంటే ‘నా సమయాన్ని నమ్మకండి’ అని చెప్పుకోవడమే. స్వచ్ఛందంగా నడిచే వేల సర్వర్లను ఒకే పేరు కింద చేర్చిన ఎన్‌టీపీ పూల్ 2003 నుంచి ఉంది. ఒక్క సర్వర్‌నే పెట్టుకుంటే అది అబద్ధం చెప్పినా తెలియదు. రెండు పెట్టుకుంటే ఇంకా ఇబ్బంది, గొడవపడినప్పుడు ఎవరి పక్షం వహించాలి? నాలుగు ఉంటే ఒకటి దారి తప్పినా మిగిలిన మూడూ దాన్ని పట్టిస్తాయి.

అమరిక విషయానికొస్తే, చాలామందికి సెట్టింగ్స్‌లో ‘సమయాన్ని తనంతట తానే సరిచేసుకో’ అనే మీటను వేయడంతో పని అయిపోతుంది. లినక్స్‌లో నేను వాడేది క్రోనీ అనే ఎన్‌టీపీ ప్రోగ్రామ్. దాని అమరిక ఫైల్‌లో ముఖ్యమైనవి మూడే వరసలు. మొదటిది ఏ పూల్‌ను అడగాలో చెబుతుంది. రెండోది ‘మేక్‌స్టెప్ 1.0 3’: తేడా ఒక సెకను మించితే మొదటి మూడు సవరణల్లో మాత్రమే గడియారాన్ని ఒక్క గెంతులో మార్చు, ఆ తర్వాత గెంతకు. ఎందుకంత జాగ్రత్త అంటే, పనిలో ఉన్న కంప్యూటర్‌లో కాలం వెనక్కి నడిస్తే ఇప్పుడే భద్రపరచిన ఫైల్ పాతదైపోతుంది, లాగ్‌లలో ఫలితం ముందూ కారణం వెనకా వస్తాయి. అందుకని గడియారాన్ని కాస్త వేగంగానో నెమ్మదిగానో నడిపిస్తూ నెమ్మదిగా దారికి తెస్తారు. మూడో వరస డ్రిఫ్ట్ ఫైల్, దాని సంగతి చివర్లో.

ఒక మాట ముందే చెప్పాలి. గడియారం సరిగ్గా గంటల్లోనో అరగంటల్లోనో తేడా చూపిస్తుంటే ముందు అనుమానించాల్సింది టైమ్ జోన్‌ను. ఎన్‌టీపీ మోసుకొచ్చేది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం మాత్రమే. మరోవైపు గడియారం సంవత్సరాల కొద్దీ వెనకబడితే వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు ఇంకా చెల్లవని బ్రౌజర్ మొండికేస్తుంది. సమయాన్ని కూడా సర్టిఫికెట్ల సాయంతో భద్రంగా తెచ్చే కొత్త పద్ధతి 2020లో ప్రమాణంగా వచ్చింది. కానీ సర్టిఫికెట్‌ను పరీక్షించాలంటే ముందు సమయం తెలియాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

నా డెస్క్‌టాప్‌లో క్రోనీని అడిగితే సర్వర్ల పేర్లన్నీ వచ్చాయి, ‘రీచ్’ అన్న గడిలో మాత్రం అన్నిటికీ సున్నా. గత ఎనిమిది ప్రయత్నాల్లో ఎన్నిటికి జవాబొచ్చిందో చూపే గడి అది. ఎనిమిదీ ఫలిస్తే 377 కనిపిస్తుంది. ద్విసంఖ్యా పద్ధతిలోని ఎనిమిది ఒకట్లను (11111111) ఎనిమిది ఆధారంగా లెక్కించే పద్ధతిలో రాస్తే వచ్చే సంఖ్య అది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నేను మిల్లీసెకన్లేమో అనుకున్నాను. ఎన్‌టీపీ వాడేది యూడీపీ 123వ పోర్ట్, అంటే నెట్‌వర్క్‌లో దాని రాకపోకలకు కేటాయించిన ద్వారం. నా ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటోంది. తెరిచి, క్రోనీని మళ్లీ మొదలుపెట్టగానే గడియారం రెండు నిమిషాలు ముందుకు దూకింది. కోడ్ పనిచేసింది.

వారం తర్వాత డ్రిఫ్ట్ ఫైల్ తెరిచి చూశాను. తన స్ఫటికం ఎంత తప్పుతోందో క్రోనీ అందులో రాసి పెట్టుకుంటుంది, నెట్‌వర్క్ లేనప్పుడు ఆ లెక్కతోనే నెట్టుకొస్తుంది. నా యంత్రం సంఖ్య పది లక్షలకు 11.5 పాళ్లు, అంటే రోజుకు దాదాపు ఒక సెకను. కానీ ఇంత చక్కగా తప్పును రాసిపెట్టుకున్న యంత్రం రెండు నిమిషాలు ఎలా వెనకబడింది? క్రోనీని నేను పెట్టుకున్నదే ఆ రోజు. అంతకుముందున్న చిన్న ప్రోగ్రామ్‌కు ఇలా రాసుకునే అలవాటు లేదు. సర్వర్ అందకపోతే గడియారాన్ని దాని మానాన వదిలేసింది. రోజుకో సెకను చొప్పున 120 సెకన్లు పోవాలంటే నాలుగు నెలలు. ఫైర్‌వాల్ నియమాలను తిరగరాసినప్పుడు పైన తేదీ వేసే అలవాటు నాకుంది. వెళ్లి చూశాను, సరిగ్గా నాలుగు నెలల కిందటిది.