పొర ముదరనిద్దాం అని ఆగకండి

"పొర వచ్చినట్టుంది డాక్టరుగారూ, ముదిరాక ఆపరేషన్ చేయిద్దామని ఆగాం." మా రెటీనా (కంటి వెనక వెలుతురును పట్టే తెర) ఓపీలో ఎక్కువగా వినే మాట ఇదే. విన్న ప్రతిసారీ నాకు గుండె కలుక్కుమంటుంది.

అపోహ: పెద్దవయసులో చూపు తగ్గితే అది పొరే, అంటే శుక్లమే.

వాస్తవం: శుక్లమే అయితే కొన్నాళ్ళు ఆలస్యమైనా ఆపరేషన్‌తో చూపు వస్తుంది. రెటీనా అంత వ్యవధి ఇవ్వదు. వెట్ ఏఎండీ అని వయసుతో వచ్చే రెటీనా జబ్బు ఉంది. అందులో మాక్యులా (సూటి చూపునిచ్చే రెటీనా మధ్యభాగం) కింద ఉండకూడని రక్తనాళాలు పుట్టుకొస్తాయి. వాటి గోడలు పలచన. నీరు, రక్తం కారి మాక్యులా ఉబ్బుతుంది. వదిలేస్తే అక్కడ మచ్చ కడుతుంది. ఆ తర్వాత ఏ మందు వేసినా పోయిన చూపు రాదు.

ఒక కంట్లో ఇలా చూపు తగ్గినా, రెండో కన్ను బాగుంటే చాలామందికి తెలియనే తెలియదు. రిటైరైన టీచరుగారొకరు కుడికంట్లో నలుసు పడి నలుపుకుంటూ గోడ మీద క్యాలెండర్ చూశారు. ఎడమకంటికి గళ్ళ గీతలు వంకర్లు పోయాయి, మధ్యలో తేదీ అంకె చెరిపేసినట్టుంది. "కాగితం ముడతపడి ఉంటుందిలే" అన్నాడట కొడుకు. ఆవిడ వినలేదు, మర్నాడే వచ్చారు. ఓసీటీలో (రెటీనా పొరలను చూపే స్కాన్) మాక్యులా కింద నీరు కనిపించింది. నెలకొకటి చొప్పున కంట్లో మూడు ఇంజక్షన్లయ్యాక గీతలు చాలావరకు సర్దుకున్నాయి. మీరూ వారానికోసారి కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో కన్ను మూసి క్యాలెండర్ గళ్ళు చూడండి.

అపోహ: కంట్లో ఇంజక్షన్ వేస్తే ఉన్న చూపూ పోతుంది.

భయం సహజం, అడగండి, ఓపిగ్గా చెబుతాం. చుక్కలతో మొద్దుబార్చి తెల్లగుడ్డులోంచి వేస్తాం, క్షణాల్లో అయిపోతుంది. ఇన్ఫెక్షన్ చాలా అరుదు. తర్వాతి రోజుల్లో నొప్పి, ఎరుపు, మసక పెరిగితే మాత్రం అదేరోజు రావాలి. ఇలా కంట్లో వేసే మందుల్లో ఒకటైన అవాస్టిన్ పేరు నెట్‌లో వెతికి "క్యాన్సర్ మందు కదా!" అని హడలిపోతారు. నిజమే, అమెరికాలో 2004లో పెద్దపేగు క్యాన్సర్‌కే అనుమతి వచ్చింది. కొత్త రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ ప్రొటీన్‌ను అది అడ్డుకుంటుంది. కంట్లోనూ కావలసింది ఆ పనే. కాస్త మెరుగవగానే మధ్యలో మానేసినవాళ్ళే ఎక్కువ నష్టపోతున్నారు.

క్యారెట్లు, ఆకుకూరలు తినండి, మంచిదే, కానీ కారే నాళాన్ని అవి ఆపవు. వాట్సాప్‌లో వచ్చే చుక్కల మందులు దయచేసి వేయకండి. చుట్ట, బీడీ మానండి. సుగరుంటే చూపు బాగున్నా ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పదు.

ఒక కంటిచూపు ఉన్నట్టుండి పోతే, నొప్పి లేదు కదా అని తెల్లారేదాకా ఆగకండి. రెటీనా ధమని మూసుకుపోయి ఉండొచ్చు, అది కంటికొచ్చిన స్ట్రోకే. వెంటనే స్ట్రోక్ చికిత్స ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి.