ఆ తెల్లటి చోటు ఎవరిది? కొరియా పత్రికలపై అపోహలు - వాస్తవాలు

జర్నలిజం విద్యార్థులకు ఆసియా పత్రికల చరిత్ర చెబుతాను. కొరియా పాఠం వచ్చినప్పుడల్లా ఒక పేజీ చూపిస్తాను. 1974 డిసెంబరు 26 నాటి దక్షిణ కొరియా దినపత్రిక ‘డోంగ్-ఆ ఇల్బో’ పేజీ అది. పైన వార్తలు, కింద వెలవెలబోతున్న తెల్లటి చోటు. ఏమిటిది అంటే తరగతి మొత్తానిదీ ఒకటే జవాబు: “సెన్సార్ వాళ్లు వార్త తీసేశారు మేడమ్.”

మన ఎమర్జెన్సీలో ఖాళీగా వదిలిన సంపాదకీయాల గురించి విన్నవాళ్లకు అలా అనిపించడం సహజమే. కానీ ఈ ఒక్క అపోహ పోకపోతే కొరియా పత్రికల కథ తలకెక్కదు. రేపు ఉద్యోగంలో చేరాక తమ చుట్టూ ఏం జరుగుతోందో కూడా తెలియదు. అందుకే దీన్ని అంత తేలిగ్గా వదలను.

అపోహ: ప్రభుత్వం పత్రికను లొంగదీసేది సెన్సార్‌తోనే.

వాస్తవం: ఆ తెల్లటి చోటు ప్రకటనలది. అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ 1972లో యుషిన్ రాజ్యాంగం తెచ్చి అధికారమంతా గుప్పిట్లో పెట్టుకున్నాక, గూఢచారి సంస్థ మనుషులు నేరుగా న్యూస్‌రూముల్లోకే వచ్చిపోయేవారు. 1974 అక్టోబరు 24న డోంగ్-ఆ జర్నలిస్టులు మూడు మాటలతో ఒక ప్రకటన చేశారు: బయటి జోక్యం ఒప్పుకోం, నిఘా సిబ్బందిని లోపలికి రానివ్వం, జర్నలిస్టులను అక్రమంగా పట్టుకుపోతే సహించం. ఆపైన అంతకుముందు పక్కన పడేసిన వార్తలన్నీ పేజీల్లోకి రావడం మొదలైంది.

ప్రభుత్వం పత్రికను మూయలేదు. డిసెంబరులో పెద్ద ప్రకటనదారులు ఒకరి తర్వాత ఒకరు ప్రకటనలు వెనక్కి తీసుకున్నారు. గూఢచారి సంస్థే వాళ్లను పిలిపించి ఒత్తిడి చేసిందని 2008లో అక్కడి సత్యశోధన కమిషన్ తేల్చింది. అంతవరకు కాగితం మీద అది పత్రికకూ వ్యాపారులకూ మధ్య వ్యవహారమే.

ఆ చోటును పాఠకులు నింపారు. విద్యార్థులు, గృహిణులు, కూలీలు తలా కొంత డబ్బు కట్టి చిన్న చిన్న ప్రకటనలు ఇచ్చారు. చాలామంది పేర్లు దాచుకున్నారు. సియోల్ న్యాయ కళాశాల పూర్వ విద్యార్థులు కొందరు, చదువుకున్నది ఆచరించలేకపోయిన సిగ్గును ఇలా ప్రకటిస్తున్నాం అని వేయించారు. ఈ ప్రకటనలు తరగతిలో చదివేటప్పుడు నా గొంతు ఇప్పటికీ పట్టేస్తుంది.

తర్వాత జరిగిందే అసలు పాఠం. 1975 మార్చిలో యాజమాన్యం ఆర్థిక ఇబ్బందులంటూ ఉద్యోగులను తీసేయడం మొదలుపెట్టింది. నిరసనగా కార్యాలయంలోనే బైఠాయించిన జర్నలిస్టులను 17వ తేదీ తెల్లవారుజామున బయటికి గెంటించింది. మొత్తం వందమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. మరో దినపత్రిక ‘చోసన్ ఇల్బో’లోనూ అదే నెల ముప్పై మందికి పైగా వీధిన పడ్డారు. ఆ ఉత్తర్వుల మీద ప్రభుత్వ సంతకం ఎక్కడా లేదు.

సెన్సార్ ఆదేశానికి తేదీ, ముద్ర ఉంటాయి, కోర్టుకు వెళ్లవచ్చు. ఆగిపోయిన ప్రకటనను పట్టుకుని ఎవరి దగ్గరికి వెళతారు? మా పూర్వ విద్యార్థిని ఒకరు ఓ రాత్రి ఏడుస్తూ ఫోను చేసింది. ఒక ప్రైవేటు సంస్థ మీద రాసిన వార్త ఆగిపోయిందట, కారణం ఎవరూ చెప్పరట. “నాకు రాయడం రాదేమో మేడమ్” అంది. ఆ వారం మీ పత్రికలో ఎవరి ప్రకటనలు వచ్చాయో ఒకసారి తిరగేయమ్మా అన్నాను. కాసేపటికి పేజీ ఫొటో పంపింది. అరపేజీ రంగుల ప్రకటన, అదే సంస్థది. ఇలా తమను తాము నిందించుకునే పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. రాత బాగాలేక ఆగిన వార్తను సరిచేయమని వెనక్కి పంపుతారు. ఇలాంటిదాన్ని ఊరికే మాయం చేస్తారు.

అపోహ: సైనిక పాలనలో ఏం వేయకూడదో మాత్రమే చెప్పేవారు.

వాస్తవం: ఎలా వేయాలో కూడా చెప్పేవారు. పార్క్ తర్వాతి సైనిక పాలకుడు చున్ దూ-హ్వాన్ 1980లో పత్రికలను, ప్రసార సంస్థలను బలవంతంగా విలీనం చేయించాడు. వందలాది జర్నలిస్టులను తొలగించారు. ఆ తర్వాత రోజూ పత్రికలకు ‘వార్తా మార్గదర్శకాలు’ అందేవి: ఇది వేయవచ్చు, ఇది వద్దు, ఇది ససేమిరా వద్దు. శీర్షిక ఎంత ఉండాలో, ఫొటో ఉండాలో లేదో, ఏ పదం వాడాలో అన్నీ అందులోనే. ‘హాంకుక్ ఇల్బో’ జర్నలిస్టు కిమ్ జు-ఓన్ వాటిని బయటికి తేగా, తొలగించిన జర్నలిస్టులు నడిపే ‘మాల్’ పత్రిక 1986 సెప్టెంబరులో అచ్చువేసింది. ఆయనను జైల్లో పెట్టారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

కొరియా అనగానే కిమ్ జోంగ్-ఉన్ ఫొటో పెట్టి వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు దండం. అది ఉత్తర కొరియా, ఈ కథ దక్షిణానిది.

కొరియాకు పత్రికలను జపాన్ పాలన తెచ్చిందట! 1910లో జపాన్ ఆక్రమించేనాటికే అక్కడ పత్రికలున్నాయి. 1883లో తొలి ఆధునిక పత్రికను నడిపింది కొరియా రాజ ప్రభుత్వమే. 1896లో సంస్కరణవాది సో జే-పిల్ ‘దోంగ్నిప్ సిన్మున్’ పత్రికను ప్రభుత్వ సొమ్ముతో మొదలుపెట్టి, అదే ప్రభుత్వ అధికారుల అవినీతిని ఎండగట్టాడు. జపాన్ వచ్చి కొరియన్ల పత్రికలను మూయించింది. 1920లో మళ్లీ అనుమతించి, 1940లో మళ్లీ మూసేసింది.

1987 ప్రజాస్వామ్య ఉద్యమంతో అంతా చక్కబడిందనేది మరో అపోహ. మార్పు నిజమే. 1980లో తెచ్చిన పత్రికా చట్టం రద్దయింది. డోంగ్-ఆ, చోసన్‌ల నుంచి గెంటేసినవాళ్లు ముందుండి, వేలాది పౌరుల వాటాలతో 1988 మేలో ‘హాంక్యోరే’ దినపత్రికను తెచ్చారు. కానీ 2014లో సెవోల్ ఓడ మునిగినప్పుడు అధ్యక్ష భవనం అధికారి ఒకరు ప్రభుత్వ ప్రసార సంస్థ వార్తా విభాగాధిపతికి ఫోను చేసి వార్తల తీరు మార్చమన్నాడు. ఆ కేసులో తర్వాత జరిమానా పడింది. 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు విధించిన సైనిక శాసనంలో పత్రికలు, ప్రసారాలు అన్నీ సైన్యం అదుపులో ఉంటాయని రాశారు. ఆ రాత్రి చానళ్లు మాత్రం పార్లమెంటు ముందు నుంచి ప్రత్యక్ష ప్రసారం ఆపలేదు. తెల్లవారకముందే సభ్యులు లోపలికి చేరి సైనిక శాసనం ఎత్తేయాలని ఓటు వేయడం దేశమంతా చూసింది.