ఊపిరి ముందు, ఎముక వెనక

సంక్రాంతి వెళ్ళిన వారం. అరిసెలూ సున్నుండలూ లోపలికి పోయాక మిషనెక్కి చూసుకుంటే 84 కిలోలు. వయసు 46. నెల్లూరులో మా ఇంటికి దగ్గర్లో ఒక కాలేజీ మైదానం ఉంది. పొద్దున ఐదున్నరకి, గడ్డి మీద మంచు ఇంకా ఆరకముందే, గోల్‌పోస్టు దగ్గర నిలబడి మూలనున్న వేపచెట్టు దాకా ఒక్క బిగిన పరిగెత్తాలని బయల్దేరాను.

చెట్టు చేరలేదు. నలభై సెకన్లకే గుండె చెవుల్లో కొట్టుకుంది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వగరుస్తుంటే, మఫ్లరు చుట్టుకుని నడుస్తున్న ఒక పెద్దాయన ఆగారు.

"ఏంది సార్, కుక్క ఏమన్నా తరిమిందా?"

"లేదండీ, పరుగు మొదలుపెట్టా."

"మొదలుపెడితే పెట్టారు గానీ, నిమ్మళంగా పొండి సార్. చెట్టు ఏడికీ పోదు."

ఆ రోజు ఆ మాట నాకు ఎగతాళిగా వినిపించింది. తర్వాత చదువుకుంటూ పోతే, వ్యాయామ శాస్త్రం వందేళ్ళుగా చెబుతున్న దాంట్లో సగం అందులోనే ఉందని అర్థమైంది. మిగతా సగం కాలినొప్పితో తెలుసుకున్నాను.

ముందు ఆ నలభై సెకన్ల సంగతి. కండరం ముడుచుకోవాలంటే ఏటీపీ అనే అణువు కావాలి. కండరంలో నిల్వ ఉండే ఏటీపీ గట్టిగా పరిగెత్తితే రెండు మూడు సెకన్లకు కూడా సరిగా చాలదు. అది ఖర్చవుతుంటే వెంటనే మళ్ళీ నింపేది ఫాస్ఫోక్రియాటిన్ అనే ఇంకో పదార్థం. అదీ కలుపుకుంటే ఓ పది సెకన్లు గడుస్తాయి. ఈ ఫాస్ఫోక్రియాటిన్‌ని కండరంలో పట్టుకున్నవాళ్ళలో ఒకరు మనవాడే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో దాన్ని ప్రకటించారు. 1929లో కండరంలో ఏటీపీ ఉందని కూడా ఆ ఇద్దరూ చూపించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. సుబ్బారావు పేరు చెప్పగానే మనకు మందులే గుర్తొస్తాయి గానీ, బస్సు వెళ్ళిపోతుంటే వెనక పడి పట్టుకునే ఆ పది సెకన్ల పరుగు గుట్టు విప్పినవాళ్ళలో ఆయనొకరని మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

పది సెకన్ల తర్వాత ఏం జరుగుతుందో కట్టెల పొయ్యి ముట్టించినవాళ్ళకు తేలిగ్గా తెలుస్తుంది. కిరసనాయిలు భగ్గుమని మండి ఆరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ అలాంటిది. ఆలోపు సన్నపుల్లలు అంటుకోవాలి. కండరంలో చక్కెర నిల్వ అయిన గ్లైకోజెన్ ఆక్సిజన్ అక్కర్లేకుండా గబగబా విరిగిపోయి లాక్టేట్‌గా (లాక్టిక్ ఆమ్లం అని మనం వినేది దీన్నే) మారడం ఆ పుల్లల మంట. అసలు వంట అయ్యేది మొద్దు అంటుకున్నాకే. ఆక్సిజన్‌తో చక్కెరనూ కొవ్వునూ నిదానంగా, పూర్తిగా మండించే పద్ధతి అది. ఊపిరితిత్తులు, గుండె, రక్తనాళాలు, కండరం అన్నీ కలిసి ఆ సరఫరాను పరుగుకు సరిపడే స్థాయికి తేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. నేను నలభయ్యో సెకనుకే పొయ్యి ఆర్పేసి, మనకి వంట రాదని తేల్చేసుకున్నానన్నమాట.

ఇంకో భ్రమ కూడా ఉంది. ఆయాసం వస్తే ఆక్సిజన్ చాలడం లేదనుకుంటాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి వేలికి ఆక్సీమీటరు పెట్టి చూస్తే, అంత వగర్పులోనూ అంకె దాదాపు మామూలుగానే ఉంటుంది. ఊపిరిని అంతగా తరిమేవాటిలో కార్బన్ డయాక్సైడ్, రక్తంలో పెరిగే ఆమ్ల గుణం ఉన్నాయి. మెదడు అడుగున శ్వాసను నడిపే కేంద్రం వీటిని కనిపెట్టి, బయటికి ఊదెయ్యమని తొందరపెడుతుంది. కరోనా రోజుల్లో కొని సొరుగులో పడేసిన ఆక్సీమీటరుతో నేనే చూసుకున్నాను. చచ్చిపోతున్నానని నేననుకుంటుంటే అది 97 చూపించింది.

లాక్టిక్ ఆమ్లానికి పడిన నింద కూడా ఇలాంటిదే. మర్నాడు మెట్లు దిగలేక గోడ పట్టుకుంటుంటే, ఒంట్లో ఆమ్లం పేరుకుందని ఎవరో ఒకరు చెబుతారు. పరుగు ఆగిన గంటా గంటన్నరలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. చాలా భాగం గుండె, ఇతర కండరాలు ఇంధనంగా వాడేసుకుంటాయి. ఒకటి రెండు రోజుల తర్వాత పుట్టే నొప్పి, కండరం సాగుతూ బరువు మోసినప్పుడు దాని పోగులకు తగిలే చిన్న చిన్న దెబ్బల వల్ల, వాటిని సరిచేసే వాపు వల్ల వస్తుంది. లాక్టిక్ ఆమ్లమే కండరాన్ని కదిలిస్తుందని ఒకప్పుడు పెద్ద శాస్త్రవేత్తలే నమ్మారు. కండరాల మీద పరిశోధనకు 1922 నోబెల్ బహుమతి పంచుకున్న ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మేయర్‌హాఫ్‌ల సిద్ధాంతం అదే. 1930లో డెన్మార్క్‌కు చెందిన ఐనార్ లుండ్స్‌గార్డ్ ఆ ఆమ్లం అసలు తయారవకుండా చేసిన కండరం కూడా కాసేపు ముడుచుకుంటుందని, ఆ శక్తి ఫాస్ఫోక్రియాటిన్ నుంచి వస్తుందని చూపాడు. అంటే మన సుబ్బారావు కనుక్కున్న పదార్థమే ఆ సిద్ధాంతాన్ని పడగొట్టింది. మన వీధుల్లో మాత్రం అది ఇంకా నిలబడే ఉంది.

ఇక విరుగుడు. నెమ్మదిగా పరిగెత్తడం. ఎంత నెమ్మదిగా అంటే, పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత. పాట పాడలేకపోయినా పరవాలేదు, మాట మాత్రం తెగకూడదు. 1996లో అమెరికాలో జోష్ క్లార్క్ అనే యువకుడు, పరుగంటే ఏమిటో తెలియని వాళ్ళమ్మను దృష్టిలో పెట్టుకుని తొమ్మిది వారాల పద్ధతి ఒకటి రాశాడు. మొదటి వారం అరవై సెకన్లు పరుగు, తొంభై సెకన్లు నడక, అలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులే. చివరికి ఐదు కిలోమీటర్లు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి ఇది. నేనూ అదే పట్టుకున్నాను. (బీపీ, షుగరు ఉన్నవాళ్ళు, ఛాతీలో ఎప్పుడైనా పట్టేసినట్టు అనిపించినవాళ్ళు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. నేను ఈసీజీ తీయించుకున్నాకే బూట్లు కొన్నాను.) కష్టమంతా పరువుతోనే. నా పరుగును మఫ్లరు పెద్దాయన నడక దాటిపోయేది. దాటేటప్పుడు చెయ్యూపేవారు కూడా.

రెండో వారం చివరికి వేపచెట్టు దాటాను. ఇంత త్వరగా ఎలాగంటే, ఒంట్లో అన్నిటికన్నా ముందు మారేది రక్తం. పరుగు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రక్తంలోని నీటి భాగం, అంటే ప్లాస్మా, పెరుగుతుంది. ఎర్రకణాలు పెరగడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆలోపు రక్తం కాస్త పలచబడుతుంది. అప్పుడు పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ కొంచెం తగ్గినట్టు కనిపించి కంగారు పడేవాళ్ళున్నారు. పలచనైనా రక్తం పరిమాణం పెరిగింది కనుక గుండెకు తిరిగి వచ్చేదీ పెరుగుతుంది, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం నెడుతుంది. అదే వేగానికి తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. కండరాల్లో మార్పు దాని వెనక వస్తుంది. 1967లో అమెరికన్ శాస్త్రవేత్త జాన్ హోలోజీ ఎలుకలను మూడు నెలల పాటు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వాటి కండరాల మైటోకాండ్రియా ఆక్సిజన్ వాడే శక్తి దాదాపు రెండింతలైందని చూపాడు. మొద్దు మండే పొయ్యిలు పెరిగాయన్నమాట.

ఐదో వారానికి నాకు పొగరు తలకెక్కింది. ఊపిరి ఆడుతోంది, కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఇంకా నిమిషాల లెక్కలేంటని కాగితం పక్కన పడేసి ఆరు కిలోమీటర్లు పరిగెత్తాను. మర్నాడు ఆదివారం ఇంట్లోవాళ్ళతో మైపాడు బీచికి వెళ్ళి, పిల్లల ముందు గొప్ప కోసం ఇసుకలో ఇంకో రెండు. మెత్తటి ఇసుకలో పరుగుకు గట్టి నేల మీద కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి కావాలి. ఆ సంగతి అప్పుడు తెలియదు. సోమవారం మంచం దిగగానే మోకాలి కింద ముందువైపు ఎముక, లోపలి అంచు పొడుగునా, వేలితో నొక్కితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత నొప్పి. మూడు వారాలు మైదానం మొహం చూడలేదు.

నేను లెక్క తప్పింది ఇక్కడే. ఊపిరి కుదిరింది కాబట్టి ఒళ్ళంతా సిద్ధమైందనుకున్నాను. రక్తానికి రోజులు చాలు, కండరానికి వారాలు చాలు, ఎముకకీ, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువుకీ నెలలు కావాలి. పైగా ఎముక పద్ధతే వేరు. కొత్త బరువు పడితే అది నేరుగా గట్టిపడదు. ముందు పాత ఎముకను కొరికేసే కణాలు వచ్చి రెండు మూడు వారాలు తవ్వుతాయి. ఆ తవ్విన చోట కొత్త ఎముక పోసే కణాలు తర్వాత వస్తాయి, వాటి పని పూర్తవడానికి మరో మూడు నెలలు. ఇల్లు బాగుచేసేటప్పుడు పాత గోడ కొట్టేసి కొత్తది కట్టేలోపు కప్పు కింద పోట్లు పెట్టి ఉంచుతామే, సరిగ్గా ఆ స్థితి. ఊపిరి బాగుపడి మనిషికి హుషారు పుట్టే నెల, ఎముక లోపల తవ్వకం నడిచే నెల, రెండూ ఒకటే. కొత్తవాళ్ళు దెబ్బ తినేది చాలావరకు అప్పుడే. పరుగులో కాలు నేలకు తగిలిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు రెట్లకు పైగా భారం పడుతుంది. నా విషయంలో అది రెండున్నర వడ్ల బస్తాల కింద లెక్క. కిలోమీటరుకు వెయ్యికి పైగా అడుగులు.

మా అమ్మమ్మ వాళ్ళది అద్దంకి వైపు. అటు తిరునాళ్ళలో ఒంగోలు గిత్తల బండలాగుడు పందేలు చూసినవాళ్ళకు తెలుస్తుంది, ఎడ్లను పళ్ళను బట్టి విడదీస్తారు. పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఆపైన సీనియర్లు. ఒక్కో విభాగానికి ఒక్కో బండ. దూడ ఎంత ఉరకలేస్తున్నా నోరు తెరిచి పళ్ళు చూడకుండా బరినెక్కనివ్వరు. కండ చూసి మోసపోవద్దని, వయసును బట్టే బండ కట్టాలని ఆ రైతులకు తెలుసు. నా వయసు సంగతి ఎలా ఉన్నా, పరుగులో నావి అప్పటికి పాలపళ్ళే.

మోకాళ్ళు అరిగిపోతాయని భయపెట్టేవాళ్ళు మాత్రం లెక్కలేనంతమంది దొరికారు. 2017లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, సరదాకి పరిగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల వందకు మూడున్నర మందికే ఉంది. పరిగెత్తనివాళ్ళలో అది పదికి పైనే. పోటీ పరుగువాళ్ళలో మాత్రం పదమూడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే పరుగుకు వస్తారు కాబట్టి ఆ తేడా అంతా పరుగు మహిమేనని అనలేం. సరదా పరుగుతో అరిగిపోతాయన్న మాటకు మాత్రం ఇందులో ఆధారం లేదు.

బరువు తగ్గుతానన్న ఆశ గురించి రెండే మాటలు. నెమ్మదిగానైనా వేగంగానైనా, కిలోమీటరు పరుగుకు ఒంటి బరువులో కిలోకు ఒక కేలరీ చొప్పున ఖర్చు. నాకు మూడు కిలోమీటర్లకు 250. మైదానం గేటు బయట నెయ్యి కారం దోసె వేస్తారు. లెక్క అక్కడే సరి.

ఎండాకాలం వచ్చాక ఇంకో పాఠం. కండరం మండించిన శక్తిలో పరుగుకు పనికొచ్చేది పావు వంతే, మిగతాదంతా వేడి. ఆ వేడిని బయటికి పంపేది చెమట. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడి తీసుకుపోతుంది. షరతల్లా అది ఆవిరి కావడమే. సముద్రం దగ్గరున్న మన ఊళ్ళలో తెల్లవారుజామున గాలి చల్లగానే ఉంటుంది గానీ తేమతో నిండి ఉంటుంది. చెమట ఆరక ధారలుగా కారిపోతుంది. కారిన చెమట వల్ల ఉప్పూ నీళ్ళూ పోవడమే తప్ప చల్లదనం లేదు. అందుకే మార్చిలో హాయిగా ఉన్న వేగం రోహిణి కార్తెలో గుండెను అదరగొట్టేస్తుంది. పదిరోజులో రెండువారాలో వేడిలోనే కొద్దికొద్దిగా అలవాటు చేస్తే ఒళ్ళు త్వరగా, ఎక్కువగా, తక్కువ ఉప్పుతో చెమట పట్టడం నేర్చుకుంటుంది. అప్పటిదాకా వేగం తగ్గించుకుని, ఇంటికొచ్చి ఉప్పేసిన మజ్జిగ తాగాను.

జూన్ చివర్లో ఐదు కిలోమీటర్లు ఆగకుండా అయ్యాయి. 43 నిమిషాలు. ఈసారి కాగితం పక్కన పడెయ్యలేదు.

నవంబరులో వాయుగుండాలు వరసపెట్టాయి. మైదానం చెరువైంది, మూడు వారాలు ఇంట్లోనే. నీళ్ళు తీశాక మళ్ళీ గోల్‌పోస్టు దగ్గర నిలబడి బయల్దేరితే, వేపచెట్టు దాటగానే జనవరి నాటి ఆయాసం. ముందుగా వచ్చిన ప్లాస్మాయే ముందుగా పోతుంది, కదలకపోతే కొద్ది రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. దాని వెనకే మైటోకాండ్రియా. నెలల తరబడి పోసుకున్న ఎముక అంత తొందరగా ఎక్కడికీ పోదు. కాలి ముందెముకను బొటనవేలితో పైనుంచి కిందిదాకా నొక్కి చూసుకున్నాను, ఎక్కడా నొప్పి లేదు. మఫ్లరు మళ్ళీ బయటికి తీసిన పెద్దాయన బురద తప్పుకుంటూ నన్ను దాటిపోతూ, "మళ్ళా కుక్కేనా సార్?" అన్నారు.