అమెరికా హిస్పానిక్ ఇళ్లలోని మౌనానికి వెనుక చరిత్ర

అమెరికాలోని హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) తల్లిదండ్రులు పిల్లలతో లైంగిక ఆరోగ్యం గురించి ఎందుకు మాట్లాడరన్న ప్రశ్నకు కాథలిక్ మతం, పెద్దల ముందు పాటించవలసిన మర్యాద, మగవారి పెత్తనం అని మూడు కారణాలు చెప్పి ఊరుకోవడం పరిపాటి. కృత్రిమ గర్భనిరోధం తగదని పోప్ ఆరవ పాల్ 1968లో మరోసారి తేల్చిచెప్పిన మాట నిజమే. అయితే ఆ ఇళ్లలోని అమ్మమ్మల తరానికి ఆసుపత్రుల్లో ఎదురైనదేమిటో చూడకపోతే విషయం సగమే అర్థమవుతుంది.

అమెరికా పాలనలో ఉన్న కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో 1937 నాటి చట్టం కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు దారి తీసింది. 1965 నాటికి అక్కడ 20 నుంచి 49 ఏళ్ల మధ్య తల్లుల్లో దాదాపు మూడోవంతు మందికి ఆపరేషన్ జరిగిపోయింది. గర్భనిరోధక మాత్రను పెద్ద ఎత్తున మొదట పరీక్షించినదీ 1956లో అక్కడి రియో పియెద్రాస్ స్త్రీల మీదే. అది ఇంకా ప్రయోగ దశలోనే ఉన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు.

లాస్ ఏంజెలెస్ ఉదంతం మరింత బాధాకరం. 1970ల తొలినాళ్లలో అక్కడి కౌంటీ ఆసుపత్రిలో మెక్సికన్ సంతతి స్త్రీల చేత, పురిటి నొప్పులు పడుతుండగానో, సిజేరియన్‌కు తీసుకువెళ్లే ముందో, ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టించి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. బాధితుల్లో కొందరు ఆ సంగతిని సొంత బంధువులకు కూడా తెలియనివ్వలేదు. పదిమంది స్త్రీలు వేసిన దావాను 1978లో జడ్జి జెస్సీ కర్టిస్ కొట్టివేస్తూ, ఇది డాక్టర్లకూ రోగులకూ మధ్య మాట అందకపోవడం వల్ల జరిగినదనీ, వారి వేదనకు వారి సాంస్కృతిక నేపథ్యమే కారణమనీ తేల్చారు. నేటికీ ఇంటి మౌనాన్ని సంస్కృతి ఖాతాలో వేసేవారి వాదన ఆ తీర్పుకు ఎంత దగ్గరగా ఉందో గమనించదగినది. దావా ఓడినా, సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలనీ, సంతకానికీ ఆపరేషన్‌కూ మధ్య 30 రోజులు గడవాలనీ కేంద్ర నిబంధనలు ఆ దశాబ్దం ముగిసేలోగా వచ్చాయి.

ఇంట్లో అసలు మాటే లేదనడమూ సరికాదు. కూతుళ్లకు తల్లులు హెచ్చరికలు చేస్తూనే ఉన్నారు, కొరవడినది సమాచారం. బడి ఆ లోటు తీర్చవలసింది గాని, 1996 సంక్షేమ చట్టం ఏటా 5 కోట్ల డాలర్లను పెళ్లి వరకు సంయమనం పాటించమనే బోధనకే కేటాయించింది.

ఆ తర్వాత మయామీలో రూపొందిన ‘ఫమీలియాస్ ఉనీదాస్’ కార్యక్రమం పిల్లల కన్నా ముందు తల్లిదండ్రులను స్పానిష్‌లో కూర్చోబెట్టి, కష్టమైన సంభాషణలను సాధన చేయించి, ఆపైన ఇంటికి వెళ్లి పిల్లలతో మాట్లాడించింది. 15–19 ఏళ్ల హిస్పానిక్ అమ్మాయిల్లో ప్రతి వెయ్యిమందికీ 1991లో సుమారు 105గా ఉన్న ప్రసవాలు 2020 నాటికి 24కు పడిపోయినా, ఆ ఘనతలో ఎక్కువ భాగం గర్భనిరోధక సాధనాల వాడకానిదే. పైగా మయామీ సమావేశాలకు వచ్చినవారిలో అత్యధికులు తల్లులే. తండ్రీకొడుకుల మధ్య జరగవలసిన సంభాషణ చాలా ఇళ్లలో ఇంకా మొదలే కాలేదు.