వలస వెళ్లే ముందు రేషన్ కార్డులో పేరు కొట్టించుకోకండి

ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న మా ఊళ్లో పదకొండేళ్లుగా రేషన్ డీలరుగా ఉన్నాను. సంక్రాంతి దాటాక విశాఖకో హైదరాబాదుకో తాపీ పనులకు బయలుదేరే వాళ్ల ఇళ్ల నుంచి ఏటా ఒకటే మాట వస్తుంది: "అక్కడ బియ్యం ఇవ్వాలంటే ఇక్కడ పేరు తీయించాలటండీ."

ఇది శుద్ధ అబద్ధం. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబాలకు తలకు నెలకు 5 కిలోలు రావాలి, 2023 జనవరి నుంచి అవి ఉచితం. ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు పద్ధతి 2022 జూన్ నాటికి అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. నలుగురున్న కార్డుకు వచ్చే 20 కిలోల్లో విశాఖలో ఉన్న మనిషి తన 5 కిలోలు అక్కడే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, మిగిలిన 15 కిలోలు ఇంటివాళ్లు నా దగ్గర తీసుకోవచ్చు.

పేరు తీయించడం ఒక్క పూట పని, తిరిగి ఎక్కించడం మాత్రం అంత తేలిక కాదు. ఏ రాష్ట్రంలో ఎంతమందికి ఇవ్వాలన్న పరిమితి నేటికీ 2011 జనాభా లెక్కల మీదే నడుస్తోంది కనుక, ఖాళీ ఏర్పడితే తప్ప కొత్త పేరుకు చోటు దొరకదు. మా వీధిలో ఒక ఇల్లాలు ఎవరో దళారి మాట నమ్మి భర్త పేరు తీయించింది. ఏడు నెలలు ఆ మనిషి బజారు బియ్యం కొనుక్కుని తిన్నాడు, ఇంటికి పంపే డబ్బు ఆ మేరకు తగ్గింది. పేరు మళ్లీ ఎక్కాక ఈ-కేవైసీకి, అంటే వేలిముద్రతో మనిషిని సరిచూసే పనికి, వచ్చినప్పుడు, సిమెంటుకు గీతలన్నీ అరిగిపోయిన అతని బొటనవేలిని తడిగుడ్డతో తుడిచి, తుడిచి, అయిదోసారి పెడితే గాని యంత్రం ఒప్పుకోలేదు. ఆమెను తప్పుపట్టలేను, భయపడిన వాళ్లు దొరికిన మాటే పట్టుకుంటారు. ఆ మాట చెప్పి డబ్బు తీసుకున్నవాడి మీదే నా కోపం.

ఒక మినహాయింపు ఉంది. ఒడిశా ప్రభుత్వం 2018లో విడిగా మొదలుపెట్టిన రాష్ట్ర ఆహార భద్రత పథకం కార్డులకు పొరుగు రాష్ట్రంలో ఈ వీలు లేదు.

ఇక రేషన్‌లో ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారన్న పుకారు. నీళ్లలో తేలేవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన బలవర్ధక గింజలు. నూటికి ఒకటి చొప్పున కలిపినవి, ఏరి పారేయకండి.

బయలుదేరే ముందు కార్డుకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో చూసుకుని, కార్డు నంబరు కాగితం మీద రాసుకోండి. అక్కడి డీలరు కాదంటే 14445కు ఫోన్ చేయండి.