మిలిటరీ కటింగ్ అయిన గరిక

మా ఇంటి ముందు సుమారు నూరు గజాల లాన్ ఉంది. నిరుడు మే నెలలో కొత్తగా మాట్లాడుకున్న మాలి భుజాన బ్రష్ కట్టర్ తగిలించుకుని వచ్చి, అరగంటలో దానికి మిలిటరీ కటింగ్ చేసి వెళ్ళాడు. "ఇంక నెల రోజులు చూసుకోనక్కర్లేదు సార్" అన్నాడు. నిజమే, చూసుకోవడానికి అక్కడేమీ మిగల్లేదు. వారం తిరిగేసరికి అంతా ఎండుగడ్డి రంగుకొచ్చింది. నీళ్ళు చాలడం లేదేమోనని టెన్షన్ పడి రోజూ సాయంత్రం పైపు పట్టాను. ఇంకో వారానికి గుండ్రటి మచ్చలు మొదలయ్యాయి. అది బూజు జాతి తెగులు. మొదటి తప్పు మాలిది, రెండోది నాది.

గడ్డి కోతను ఎలా తట్టుకుంటుందో తెలిస్తే ఈ రెండు తప్పులూ జరగవు. తులసి చిగురు తుంచితే ఆ కొమ్మ అక్కడితో ఆగి, పక్కల నుంచి కొత్త కొమ్మలు వేస్తుంది. ఎందుకంటే దాని ఎదుగుదల కొసలో ఉంది. గడ్డి అలా కాదు. ఆకు అడుగున, నేలకు దగ్గరగా ఉండే విభాజ్య కణజాలం, అంటే కొత్త కణాలు పుట్టే చోటు, ఆకును కింది నుంచి పైకి నెడుతుంటుంది. ఆవు కొసలు కొరుక్కుపోయినా ఎదిగే చోటు భద్రంగానే ఉంటుంది. లక్షల ఏళ్ళుగా మేతకు అలవాటుపడిన మొక్క ఇది. లాన్ కోసే మిషన్ దాని దృష్టిలో ఇంకో ఆవు, అంతే. ఆ మిషన్‌కు 1830లో ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకున్న ఎడ్విన్ బడ్డింగ్‌కు ఆ ఆలోచన వచ్చింది ఉన్ని బట్టల మీద నూగు గొరిగే యంత్రాన్ని చూసి.

అయితే ఆవు కూడా గడ్డిని మొదలంటా గొరగదు. ఆకే గడ్డికి వంటిల్లు. వేరుకు తిండి అక్కడి నుంచే వెళ్ళాలి. ఆకు పోతే మొక్క ఉన్న నిల్వలతో ముందు ఆకును పుట్టించుకుంటుంది, వేరు సంగతి తర్వాత. సగానికి మించి ఆకు కోసేస్తే వేరు ఎదుగుదల ఆగిపోతుందనీ, కోత పెరిగేకొద్దీ అది ఆగే రోజులూ పెరుగుతాయనీ ఫ్రాంక్లిన్ క్రైడర్ ప్రయోగాలు చేసి చూపించాడు. అమెరికా వ్యవసాయ శాఖ 1955లో వాటిని ప్రచురించింది. ఒక్కసారికి మూడోవంతుకు మించి కోయకూడదన్న లెక్క దీనికి సరిపోతుంది. నాలుగు సెంటీమీటర్లు ఉంచాలనుకుంటే ఆరుకు ఎదిగినప్పుడు కోయాలి. నడి వేసవిలో ఇంకాస్త ఎక్కువే వదలాలి. ఆ నీడలో నేల చల్లగా ఉంటుంది, కలుపు విత్తనాలకు ఎండ అందదు.

ఇప్పుడు మాలి లెక్క చూడండి. వచ్చినప్పుడల్లా ఇంత అని ఇస్తే, ఒకే రాకలో ఎక్కువ పని చూపించాలని ఏ మనిషికైనా ఉంటుంది. మనకూ నున్నగా కనిపిస్తే డబ్బు గిట్టిందనిపిస్తుంది. అందుకే నేను నెలకింతని మాట్లాడుకుని, వర్షాకాలంలో వారానికోసారి, చలికాలంలో అవసరాన్ని బట్టి రమ్మంటున్నాను. కొత్త మనిషిని మాట్లాడేటప్పుడు ఇక్కడ ఎండ ఎంతసేపు పడుతుందని అతనే అడుగుతాడా అని గమనిస్తాను. గరికకు ఆరేడు గంటల ఎండ కావాలి. మామిడిచెట్టు కింద లాన్ వేస్తానని మాటిచ్చే మాలిని నేను నమ్మను. బ్లేడు ఎప్పుడు సాన పెట్టించావని కూడా అడుగుతాను. గడ్డి ఆకులో ఇసుకలో ఉండే సిలికానే ఉంటుంది, అది బ్లేడును అరగదీస్తుంది. మొండి బ్లేడు ఆకును కోయదు, చింపుతుంది. మర్నాడు లాన్ అంతా కొసలు తెల్లబడి కనిపిస్తే కారణం అదే.

రెండో మాలి పెద్దాయన. వచ్చీ రాగానే పైపు జోలికి పోకుండా ఒక పొడుగు స్క్రూడ్రైవర్ నేలలో దించి చూశాడు. రెండంగుళాల దగ్గర ఆగిపోయింది. "పైపైన తడుపుతున్నారయ్యా, వేరు కిందికెందుకు పోతది?" అన్నాడు. రోజూ కాస్త కాస్త పోస్తే వేళ్ళు పైపొరలోనే తచ్చాడతాయి. సాయంత్రం తడి రాత్రంతా ఆకు మీద నిలిస్తే తెగులుకు పండగ. తెల్లవారుజామున, వారానికి ఒకటి రెండుసార్లు, లోతుగా తడపడం మేలు. లెక్క తేలికే. చదరపు మీటరుకు ఒక లీటరు అంటే ఒక మిల్లీమీటరు వాన. మంచి ఎండల్లో వారానికి 25 మిల్లీమీటర్లనుకుంటే, నూరు గజాలకు రెండు వేల లీటర్ల పైచిలుకు. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకరు రెండున్నర వారాలకు కూడా రాదు. వీధిలో బిందెలు వరసలో ఉన్నప్పుడు ఆ నీళ్ళు గడ్డికి పోయడానికి నాకు చేయి రాదు. గరికను కొన్ని వారాలు ఎండనిచ్చినా పైన ఆకే పోతుంది. నేల కింద పాకే కాడలు, అంటే కొమ్ములు, బతికే ఉంటాయి, తొలకరికి లేస్తాయి.

యూరియా విషయంలో చేతికొలత పనికిరాదు. దాంట్లో నూటికి 46 పాళ్ళు నత్రజనే. చదరపు మీటరుకు పది గ్రాములు చాలు. ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే నీళ్ళు కట్టాలి, లేకపోతే గింజ పడిన చోటల్లా మాడుతుంది. కోసిన తుక్కు సన్నగా ఉంటే అక్కడే వదిలేయవచ్చు, కుళ్ళి తన నత్రజనిని తనే తిరిగిస్తుంది. మా ఊళ్ళో అయితే అది గేదె నోటికి పోయేది, వదిలేయడమన్న మాటే లేదు.

కలుపుల్లో తుంగ దగ్గరే నేను ఓడిపోయాను. కాడను వేళ్ళ మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి, గడ్డి కాడ గుండ్రంగా తిరుగుతుంది. మళ్ళు పైకి లేపుదామని తోలించిన ఎర్రమట్టిలో తుంగముస్తలు వచ్చాయి. నేల కింద అవి గొలుసులా ఉంటాయి. పైన పీకితే గొలుసు తెగి, అంతవరకు నిద్రపోతున్న గడ్డలు మొలకెత్తుతాయి. ఒకటి పీకి నాలుగు పెంచుకున్నాను. ఇప్పుడు మట్టి ట్రాక్టరు వస్తే ముందు గుప్పెడు చేతిలోకి తీసుకుని చూస్తాను.

నర్సరీకి వెళ్తే, కడియం అయినా హైదరాబాద్ అయినా, కొరియన్ గ్రాస్ అనే జోయిసియాను ముందు చూపిస్తారు. మెత్తగా ఉంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది, కోత తక్కువ. కానీ ఎక్కడైనా పాడైతే పూడుకోవడమూ అంత నెమ్మదే. పిల్లలు ఆడే చోటికి గరికే నయం. చేలో రైతు తిట్టుకుంటూ తవ్వి పారేసే గరికనే ప్రపంచమంతా బెర్ముడా గ్రాస్ పేరుతో ఆటస్థలాల్లో పరుస్తున్నారు. జొన్న, చెరకుల మాదిరే మండే ఎండలోనూ కిరణజన్య సంయోగక్రియను జోరుగా సాగించే రకం ఇది. పాకే ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతుంది. కణుపు కణుపునా మొలిచేదానా అని దూర్వా సూక్తం దాన్ని పిలిచింది అందుకే.

మొన్న అంచుల వెంబడి టైల్స్ మీదకు పాకిన కాడలు కత్తిరిస్తానని పెద్దాయన కత్తెర తీశాడు. నాలుగు రోజులాగమన్నాను. లాన్ మధ్యలో కోసిన గరికకు పొడుగు కొసలుండవు. చవితి పొద్దున్న వీధిలో పిల్లలంతా గరిక కోసం వచ్చేది ఆ అంచుకే.